నేను చెప్పని పావుగంట

ఆ అమ్మాయి మా ల్యాబ్‌లో చేరేనాటికి నేను అక్కడ నాలుగో ఏడాది పీహెచ్‌డీ విద్యార్థిని. వయసు ముప్పై ఆరు. ఒంగోలు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళయి కెనడా వచ్చి, మళ్ళీ పుస్తకాలు పట్టినదాన్ని. మా ఆయనది టొరంటో పక్కన మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. నేను లండన్‌లో యూనివర్సిటీ దగ్గర ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, శుక్రవారం సాయంత్రాలు 401 హైవే మీద రెండు గంటలు డ్రైవ్ చేసి ఇంటికి వెళ్ళేదాన్ని. ఈ లండన్ ఒంటారియోలో ఉన్న లండన్. మా అమ్మ మాత్రం ఇప్పటికీ బంధువుల దగ్గర నేను ఇంగ్లండులో చదివానన్నట్టే మాట్లాడుతుంది. నేనూ దిద్దను.

మా బృందం పని సూర్యుణ్ణి రేడియోతో గమనించడం. సూర్యుడి మీద చిన్నదో పెద్దదో పేలుడు జరిగినప్పుడు వెలుగుతోపాటు రేడియో తరంగాలు కూడా వస్తాయి. వాటిని యాంటెన్నాలతో పట్టి కంప్యూటర్‌లో బొమ్మగా మారిస్తే, నల్లటి తెర మీద పసుపుపచ్చగా ఒక గీత వాలుగా కిందికి దిగుతుంది. మొత్తం కొన్ని సెకన్లే. ఆ వాలును బట్టి సూర్యుడి నుంచి బయలుదేరినది ఎంత వేగంగా వస్తోందో లెక్క కడతాం. మబ్బు పట్టినా, మంచు కురిసినా మా పని ఆగదు. రేడియోకి మబ్బు అడ్డం రాదు.

యాంటెన్నాలు ఊరికి ఉత్తరాన, నలభై నిమిషాల దూరంలో ఒక పొలంలో ఉండేవి. మొత్తం ఎనిమిది. చుట్టూ మొక్కజొన్న, ఒక పక్కన ఎవరివో ఆవులు. మధ్యలో ఒక పాత కంటైనర్‌లో మా రిసీవర్లు, ఒక హీటర్, రెండు కుర్చీలు. ఆ ఎనిమిదింటికీ తీగలు నేనే బిగించాను. చలికాలంలో వాటి మీద గడ్డకట్టిన మంచును చీపురుతో దులిపింది నేను. మొదటి ఏడాది మా బొమ్మల్లో సెకనుకొకటి చొప్పున నిలువు చారలు పడుతుంటే, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియక రెండు నెలలు తిప్పలు పడి, చివరికి పక్క రైతు ఆవుల కోసం పెట్టిన కరెంటు కంచె నుంచని కనిపెట్టింది కూడా నేనే. ఆ రైతు ఇంటికి వెళ్ళి, వరండాలో నిలబడి, ఆయన కంచెకూ సూర్యుడికీ ఉన్న సంబంధం నా ఇంగ్లీషులో వివరించాను. ఆయన ఓపిగ్గా విని, కంచెకు ఒక ఎర్త్ కడ్డీ దిగ్గొట్టించాడు. చారలు సగానికి తగ్గాయి.

మా ప్రొఫెసర్ అరవై దాటిన ఆవిడ. సస్కాచువాన్‌లో గోధుమ పొలాల మధ్య పెరిగింది. మాట తక్కువ. మెచ్చుకోవాల్సి వస్తే తలుపు దగ్గర నిలబడి ఒక్క మాట అని వెళ్ళిపోయేది. కంచె సంగతి తేల్చిన రోజున "మంచి పని" అంది. ఆ రెండు మాటల మీద నేను ఒక చలికాలమంతా బతికాను.

సెప్టెంబరులో ఆ అమ్మాయి వచ్చింది. వరంగల్ పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, మాస్టర్స్ చేయడానికి. నువ్వూ తెలుగే కదా, బస్సు దిగే చోటికి వెళ్ళి తీసుకురాగలవా అని ప్రొఫెసర్ అడిగింది. వెళ్ళి తీసుకొచ్చాను. దానికి రూమ్ దొరికేదాకా పది రోజులు నా బేస్‌మెంట్‌లోనే పెట్టుకున్నాను. పప్పు చారు పోస్తే రెండుసార్లు పెట్టించుకుని తినేది. మొదటిరోజు నుంచే అక్కా, నువ్వూ అని పిలిచింది. మా వైపు అయితే పరిచయం లేని పెద్దవాళ్ళను మీరు అంటారు. దాని నోట నువ్వు అన్నది చొరవలా కాక చనువులా వినిపించింది. నాకు చెల్లెళ్ళు లేరు. ఆ పది రోజులు నాకు బాగా గడిచాయని ఒప్పుకోవాలి.

పొలానికి తీసుకెళ్ళి అన్నీ చూపించాను. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ రిసీవర్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పాను. బొమ్మలు చదవడం నేర్పాను. కంచె చప్పుడైతే నిటారుగా ఉంటుంది, సూర్యుడిదైతే వాలి ఉంటుంది అని నేనే చెప్పాను.

చేరి మూడు వారాలు కాకముందే ఒక మధ్యాహ్నం నా స్క్రీన్ వెనక నిలబడి, "అక్కా, ఇది ఒక్క గీత కాదు. రెండున్నయి. చూడు, మధ్యలో సన్నగా ఖాళీ ఉంది" అంది.

అది నేను రెండేళ్ళుగా చూస్తున్న బొమ్మ. ఆ రెండో గీతను నేను చెత్త కింద లెక్కేసి, పక్కన గుర్తు కూడా పెట్టాను.

"అది ఫెన్స్ నాయిస్. రోజూ వస్తుంది" అన్నాను.

"ఫెన్స్ అయితే నిటారుగ ఉండాలె గదా అక్కా. ఇది వాలింది."

ప్రొఫెసర్ తలుపు దగ్గర నుంచి విన్నది. లోపలికి వచ్చింది. పక్క టేబుల్ దగ్గరి కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. ఇద్దరూ గంటన్నర సేపు నా పాత బొమ్మలన్నీ తెరిచి చూశారు. అలాంటి జంట గీతలు ఇంకో పదకొండు దొరికాయి. పదకొండింటి పక్కనా నేను చెత్త అని పెట్టిన గుర్తు ఉంది.

నాలుగేళ్ళలో ఆవిడ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోలేదు. నేను ఆ మధ్యాహ్నం టీ పెట్టుకోవడానికి మూడుసార్లు లేచాను. ఒక్కసారి కూడా తాగలేదు.

అక్కడి నుంచి మొదలైంది. మొదట్లో దానికి అసూయ అని పేరు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఈ పిల్లకు క్రమశిక్షణ లేదు అనుకునేదాన్ని. ఏ రోజు ఏం చేశామో రాసే లాగ్ పుస్తకంలో చేతిరాత బాగుండదు అనుకునేదాన్ని. నవ్వు మరీ గట్టిగా ఉంటుందనీ, ఫోన్లో వాళ్ళ నాన్నతో ల్యాబ్ అంతా వినపడేలా మాట్లాడుతుందనీ లోపలే తప్పులు ఏరేదాన్ని. బొమ్మల్లోంచి చెత్తను చేత్తో ఏరిపారేయడానికి నాకు రోజుకు రెండు గంటలు పట్టేది. ఆ పిల్ల ఒక వారాంతంలో దానికో ప్రోగ్రామ్ రాసేసింది. సోమవారం పొద్దున వచ్చేసరికి, నేను నెలంతా చేసే పని నాలుగు నిమిషాల్లో అయిపోయి ఉంది. "నీకు టైమ్ కలిసొస్తదని రాసిన అక్కా" అంది. నిజంగానే నాకోసం రాసింది. అదే నాకు మింగుడుపడలేదు.

మీటింగుల్లో ప్రొఫెసర్ దాని పేరు ఎన్నిసార్లు అంటుందో, నా పేరు ఎన్నిసార్లు అంటుందో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నోట్సు రాసుకుంటున్నట్టు కాగితం మూల చిన్న గీతలు గీసేదాన్ని. ముప్పై ఆరేళ్ళ మనిషిని, కాలేజీలో వందలమంది పిల్లలకు మార్కులు వేసినదాన్ని, కాగితం మూల గీతలు గీసుకుంటూ కూర్చున్నాను.

దీపావళికి ఆ పిల్లను మిస్సిసాగాలో మా ఇంటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇక్కడ దానికి ఎవరూ లేరని మా ఆయనే పిలవమన్నాడు. భోజనాల దగ్గర అది మా ఆయనకు రేడియో సూర్యుడి గురించి చెప్పింది. కంటికి కనపడే సూర్యుడికంటే రేడియోకి కనపడే సూర్యుడు పెద్దగా ఉంటాడని, పూరీ మీద పూరీ పెట్టి చూపించింది. నాలుగేళ్ళుగా నేను చెబుతుంటే ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టిన మనిషి, ఆ రోజు మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగాడు. దాన్ని బస్సెక్కించి వచ్చాక "షార్ప్‌గా ఉందే ఆ అమ్మాయి" అన్నాడు. నేను గిన్నెలు గట్టిగా పెడుతుంటే అర్థమై, ఓదార్పుగా, "నీకంటే పన్నెండేళ్ళు చిన్నది. దాంతో నీకు పోటీ ఏంటి?" అన్నాడు. పోటీ ఉంటేనే కదా నాకు కొంత గౌరవం మిగిలేది.

ఆ ఏప్రిల్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. మా లండన్‌కు అంగుళం తప్పినట్టు తప్పింది. సూర్యుడు దాదాపు మొత్తం మూసుకుపోతాడు గానీ పూర్తిగా కాదు. పూర్తిగా కనపడాలి, మా స్టేషన్‌కు బాగా దూరంగానూ ఉండాలి అంటే మాంట్రియల్ వైపు వెళ్ళాలి. చంద్రుడు సూర్యుడి మీది మచ్చలను ఒక్కొక్కటే కప్పుకుంటూ పోయేటప్పుడు రేడియో బలం ఎలా తగ్గుతుందో రెండు చోట్ల నుంచి ఒకేసారి కొలిస్తే, ఏ మచ్చ ఎంత పలుకుతోందో తేలుతుంది. మాలాంటి వాళ్ళకు ఇలాంటి అవకాశం జీవితంలో ఒకసారి. మాంట్రియల్‌కు దక్షిణాన ఒకరి పొలంలో, మా దగ్గరున్న చిన్న పోర్టబుల్ రిసీవర్, రెండు యాంటెన్నాలు పెట్టాలని నిర్ణయమైంది.

ఆ పోర్టబుల్ సెట్టు కట్టింది నేను. ఎవరు వెళతారన్నది అడగక్కర్లేదనుకున్నాను. మీటింగులో ప్రొఫెసర్, తనూ ఆ అమ్మాయీ వెళతామనీ, నేను ఇక్కడ స్టేషన్ చూసుకోవాలనీ చెప్పింది. ఈ ఎనిమిది యాంటెన్నాల స్టేషన్‌ను ఏ పొరపాటూ లేకుండా ఒంటరిగా నడపగలిగింది నేనొక్కదాన్నేననీ, అసలైన కొలత ఇక్కడిదేననీ అంది. అది మెప్పే. ఇప్పుడు ఆలోచిస్తే నిజం కూడా. ఆ రోజు మాత్రం పెళ్ళివాళ్ళు నన్ను ఇంటికి కాపలా పెట్టి వెళుతున్నట్టనిపించింది.

బయల్దేరే ముందురోజు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. చేతిలో నేను రాసిన మాన్యువల్ ప్రింటు తీసి ఉంది.

"అక్కా, పోర్టబుల్ దాంతో నేనెప్పుడూ ఒక్కదాన్నే పనిచెయ్యలే. జాగ్రత్తపడాల్సింది ఏమన్నా ఉందా?"

"మాన్యువల్‌లో అన్నీ రాశాను. చూసుకో."

"రెండుసార్లు చదివిన. ఇందులో లేనిది ఏమన్నా?"

ఒకటి ఉంది. ఆ రిసీవర్ టైమును ఉపగ్రహాల నుంచి తీసుకుంటుంది. చాలాకాలం ఆపి ఉంచి, కొత్తచోట ఆన్ చేసినప్పుడు, ఉపగ్రహాల నుంచి మొత్తం సమాచారం అందడానికి దానికి దాదాపు పావుగంట పడుతుంది. ఈలోపు కూడా పచ్చలైటు వెలుగుతుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అప్పుడే రికార్డింగ్ మొదలుపెడితే టైము కొన్ని సెకన్లు తప్పుగా పడుతుంది, చివరిదాకా అదే తప్పు సాగుతుంది. రెండేళ్ళ కిందట పది రోజులు తల బద్దలు కొట్టుకుని కనిపెట్టాను. నా సొంత నోట్‌బుక్‌లో, తెలుగులో రాసుకున్నాను. మాన్యువల్‌లో ఎక్కించాలనుకుంటూనే వాయిదా వేశాను.

ఆ అమ్మాయి అడిగినప్పుడు ఇదంతా నాకు గుర్తుంది. నోటి దాకా వచ్చింది కూడా.

"లేదు" అన్నాను.

"థాంక్స్ అక్కా" అని వెళ్ళింది.

గ్రహణం రోజున మా దగ్గర ఒకటే మబ్బు. పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసి, ఇవాళ బయట తిరగొద్దంది. సరేనని చెప్పి పొలానికి వెళ్ళాను. ఎనిమిది యాంటెన్నాలనూ రెండుసార్లు తనిఖీ చేసి, పన్నెండు కాకముందే రికార్డింగ్ పెట్టాను. మూడు దాటాక వెలుతురు తగ్గడం మొదలైంది. మబ్బు వెనక ఎవరో రెగ్యులేటర్ తిప్పుతున్నట్టు తగ్గింది. చలి పెరిగింది. పక్క పొలంలో ఆవులు కొట్టం వైపు నడిచాయి. కంటైనర్ గుమ్మంలో నిలబడి ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను స్క్రీన్ మీద వేసి చూశాను. పైన ఏమీ కనపడలేదు. స్క్రీన్ మీద మాత్రం రేడియో బలం మెట్లు దిగుతున్నట్టు తగ్గుతూ వచ్చింది, ఒక్కో మచ్చ మూసుకున్నప్పుడల్లా ఒక్కో మెట్టు. సూర్యుడు దాదాపుగా మూసుకుపోయినప్పుడు, అంచున మిగిలిన మచ్చ నుంచి ఒక చిన్న గీత పడింది. పలచగా, వాలుగా, మూడు సెకన్లు. అంత అందమైన రికార్డు నా చేతుల మీదుగా మళ్ళీ రాలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆ అమ్మాయి. అక్కడ మబ్బు లేదట. మాట సరిగ్గా రావడం లేదు. ఏడుస్తోంది, నవ్వుతోంది. సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగు కనిపించిందనీ, మంచు కరిగిన పొలమంతా ఒక్కసారి నీలంగా అయిందనీ, ప్రొఫెసర్ తన చెయ్యి పట్టుకుందనీ చెప్పింది. "నువ్వు లేవు అని నాకు మస్తు బాధనిపించిందక్కా" అంది. నేను, "ఇక్కడ రికార్డింగ్ బాగా వచ్చింది" అని ఫోన్ పెట్టేశాను. సాయంత్రం దాకా ఆ కంటైనర్‌లోనే కూర్చున్నాను. చెయ్యి పట్టుకుందన్న మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది.

రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టిన రోజున తేడా బయటపడింది. ఆ మూడు సెకన్ల గీత మా స్టేషన్‌లో ఒక క్షణాన ఉంటే, వాళ్ళ రికార్డులో కొన్ని సెకన్లు పక్కకు జరిగి ఉంది. ఒకే సూర్యుడు, ఒకే గీత. రెండు చోట్లా ఒకే క్షణంలో పడాలి. ఉపగ్రహం టైము తప్పదని అందరి నమ్మకం, పచ్చలైటు వెలిగినట్టు లాగ్‌లో ఉంది. కాబట్టి తప్పు ఆ అమ్మాయి రాసిన ప్రోగ్రామ్‌లో ఉండాలి. ముందుగా ఆ మాట అన్నది ఆ అమ్మాయే. ప్రొఫెసర్ కాదనలేదు.

గీతను బట్టి టైము జరిపేసుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆ అమ్మాయీ అడిగింది. ఎందుకు జరిగిందో తెలియకుండా మనకు కావాల్సినంత జరుపుకుంటే అది కొలత కాదని ప్రొఫెసర్ చెప్పింది.

ఆరు వారాలు. ఆ పిల్ల ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి మూడుసార్లు రాసింది. నవ్వు తగ్గింది. వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే బయటికి వెళ్ళి రెండు ముక్కలు మాట్లాడి వచ్చేది. లంచ్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళడం చూశాను. మీటింగుల్లో ఏం చెప్పినా, నాదే తప్పు అయ్యుండొచ్చు అని ముందు జోడించడం అలవాటు చేసుకుంది.

నాకేమనిపించిందో దాచను. మొదటి రెండు వారాలు హాయిగా ఉంది. ప్రొఫెసర్ నా టేబుల్ దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఒకరోజు కూర్చుంది కూడా. నా రికార్డు మచ్చలేనిదని రెండుసార్లు అంది. నేను కొత్త చీర కట్టుకున్నదానిలా తిరిగాను. రాత్రి పడుకోబోయే ముందు నేను దాచిన నోట్‌బుక్ గుర్తొచ్చేది గానీ, పొద్దున ల్యాబ్‌కు వెళితే మరుగున పడేది. మే నెల చివర్లో ప్రొఫెసర్, మాంట్రియల్ కొలతలు పక్కన పెట్టేద్దామనీ, వేసవి కాన్ఫరెన్స్‌లో ఆ అమ్మాయి ఇవ్వాల్సిన ప్రసంగం నా స్టేషన్ రికార్డు మీద నన్ను ఇమ్మనీ చెప్పింది. నేను కోరుకున్నది అక్షరాలా అదే. చేతికి వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ వారం ఇంటికి వెళ్ళి మా ఆయనకు కూడా చెప్పలేదు.

తర్వాతి మంగళవారం మేమిద్దరం పొలానికి వెళ్ళాం, ఎలుకలు కొరికిన ఒక కేబుల్ మార్చడానికి. పని సగంలో వాన పట్టుకుంది. కంటైనర్‌లోకి వచ్చి కూర్చున్నాం. పైన రేకు మీద వాన దడదడలాడుతోంది. ఆ అమ్మాయి బ్యాగులోంచి మాంట్రియల్ లాగ్ పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, నాకైతే దొరుకుతలేదు. నువ్వొక్కసారి చూడవా? నేనెక్కడ తప్పు చేసిన్నో నీకైతే తెలుస్తది."

చూశాను. దాని చేతిరాత బాగుండదని నేను అనుకున్న రాతే. అన్నీ రాసి ఉన్నాయి. ఎప్పుడు కారు దిగారు, ఏ యాంటెన్నా ఏ దిక్కుకు పెట్టారు, గాలి ఎటు వీస్తోంది. ఒక కేబుల్ కారు సీటు కిందికి జారిపోయి అరగంట వెతికారు. రిసీవర్ ఆన్ చేసిన టైము, దాని కింద రికార్డింగ్ మొదలుపెట్టిన టైము. మధ్యలో నాలుగు నిమిషాలు. పక్కన చిన్న అక్షరాలతో, ఆలస్యం నా వల్లే, కేబుల్ నేనే సరిగ్గా సర్దలేదు, అని రాసుకుంది. ఎవరూ అడగని తప్పు కూడా అందులో ఒప్పుకుని ఉంది.

"ఆన్ చేశాక నాలుగు నిమిషాలే ఆగావు" అన్నాను.

"అవును. పచ్చలైటు వచ్చింది గదా."

"పావుగంట ఆగాలి. లేకపోతే టైము తప్పు పడుతుంది. లైటు వెలిగినా సరే."

అది నా ముఖం చూసింది. "ఎక్కడుంది అది? మాన్యువల్‌లో లేదు."

"నా నోట్‌బుక్‌లో ఉంది. రెండేళ్ళ కిందట రాసుకున్నా."

నెమ్మదిగా అంది, "నేను అడిగిన గదా అక్కా."

"అడిగావు."

"ఏం లేదన్నవ్."

"అన్నాను."

అది లాగ్ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. అట్ట అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ రాస్తూ, "మర్చిపోయినవా?" అంది.

నేను తప్పించుకోవడానికి తలుపు తీసి పట్టుకున్నట్టుందది. అవునంటే అయిపోయేది. అది నమ్మేది, లేదా నమ్మినట్టు ఉండిపోయేది. ప్రొఫెసర్‌కు కూడా అలాగే చెప్పేది.

"లేదు. గుర్తుంది. గుర్తుండే చెప్పలేదు."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. అది లేచి గుమ్మం దగ్గర నిలబడి వానలో తడుస్తున్న యాంటెన్నాల వైపు చాలాసేపు చూసింది. వెనక్కి తిరగకుండానే, "ప్రొఫెసర్‌కు మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?" అంది.

ఆ మీరు నాకు బాగా వినపడింది. "నేనే చెబుతాను" అన్నాను. నలభై నిమిషాలు డ్రైవ్ చేసి దాన్ని ఇంటి దగ్గర దింపాను. దిగేటప్పుడు సీటుబెల్టు చిక్కుకుంటే, "ఆ పక్క నొక్కు" అన్నాను. నొక్కి దిగింది.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివర్లో ఎందుకు అని అడిగింది. అసూయపడ్డానని చెప్పాను. ఇంగ్లీషులో ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో నాకే ఆశ్చర్యం వేసింది. తెలుగులో అయితే నోరు పెగిలేది కాదు. ఆవిడ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, ఆ పిల్ల ఆరు వారాలు తన మీద తనే అనుమానపడిందనీ, తను కూడా ఆ పిల్లను అనుమానించిందనీ, అందుకు తను వెళ్ళి ఆ పిల్లకు క్షమాపణ చెప్పుకోవాలనీ అంది. నాకు చెప్పింది ఒక్కటే. "మాన్యువల్‌లో రాయి. ఈరోజే."

రాశాను. మూడు వాక్యాలు పట్టింది. రెండేళ్ళు వాయిదా వేసినవి ఆ మూడే.

ఆ వారంలో ముగ్గురం పొలానికి వెళ్ళి పరీక్ష చేశాం. చాలా రోజులు ఆపి ఉంచిన పోర్టబుల్ రిసీవర్‌ను ఆన్ చేసి, నాలుగు నిమిషాలు ఆగి, స్టేషన్‌తో పోల్చాం. గ్రహణం రోజున ఎన్ని సెకన్ల తేడా వచ్చిందో సరిగ్గా అన్నే వచ్చాయి. కొన్నాళ్ళు ఆపి ఉంచి మళ్ళీ చేశాం, మళ్ళీ అన్నే. కారణం దొరికింది కాబట్టి ఇప్పుడు టైమును సరిచేయడం న్యాయమైంది. మాంట్రియల్ కొలతలు బతికాయి. కాన్ఫరెన్స్‌లో ఆ అమ్మాయే మాట్లాడింది. నేను రెండో వరసలో కూర్చుని స్లైడ్లలో నా స్టేషన్ రికార్డు వచ్చిన చోట తల వంచుకున్నాను.

పేపర్ రాసేటప్పుడు దాని పేరు మొదట, నా పేరు రెండోది, ప్రొఫెసర్ పేరు చివర. పరికరాల గురించి రాసిన భాగంలో ఆ అమ్మాయి ఒక వాక్యం పెట్టింది. ఈ టైము దోషాన్ని రెండేళ్ళ ముందే గుర్తించింది రెండో రచయిత్రి అని. ఎవరూ రాయమనలేదు. నిజం కాబట్టి రాసింది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు సిగ్గుతోపాటు మళ్ళీ అదే మంట లేచింది. దాని తెలివి చూసి కుళ్ళుకున్నాను, సరే. దాని న్యాయబుద్ధి చూసి కూడా కుళ్ళుకోవాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

ప్రొఫెసర్ నన్ను శిక్షించలేదు. థీసిస్ చివరిదాకా ఓపిగ్గా దిద్దింది. అయితే తర్వాతి సెప్టెంబరులో కొత్తగా చేరిన విద్యార్థికి పని నేర్పమని నాకు చెప్పలేదు. ఆ అమ్మాయికి చెప్పింది. పొలానికి వాళ్ళిద్దరూ వెళ్ళడం కిటికీలోంచి చూశాను. అది న్యాయమేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చూడటం సులువు కాలేదు.

ఆ అమ్మాయి నాతో మర్యాదగా ఉండేది. పొద్దున్న పలకరించేది, పని ఉంటే అడిగేది, మీరు అనే అడిగేది. భోజనానికి మాత్రం మళ్ళీ రాలేదు. మాస్టర్స్ అయిపోయాక పీహెచ్‌డీకి పడమటి వైపు, బ్రిటిష్ కొలంబియాకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా టేబుల్ మీద ఒక స్వీట్ల డబ్బా పెట్టి వెళ్ళింది. ల్యాబ్‌లో అందరి టేబుళ్ళ మీదా అలాంటి డబ్బాలే ఉన్నాయి.

నేను డిగ్రీ పూర్తిచేసి మిస్సిసాగాలో ఒక యాంటెన్నాల కంపెనీలో చేరాను. మంచి ఉద్యోగమే. సూర్యుడితో ఇప్పుడు నాకు పనిలేదు.

పోయిన ఏడాది ఆ అమ్మాయి టొరంటోలో ఒక ఉపన్యాసం ఇస్తోందని తెలిసింది. వెళ్ళాలా వద్దా అని వారం ఆలోచించి, మా ఆయన్ను తోడు తీసుకుని వెళ్ళాను. హాలు నిండా మనుషులు. బ్రిటిష్ కొలంబియాలో కొండల మధ్య వాళ్ళు కడుతున్న కొత్త యాంటెన్నాల గురించి చెప్పింది. చివర్లో ఒక పెద్దాయన లేచి కష్టమైన ప్రశ్న వేశాడు. దానికి జవాబు ఏమిటో నేను నా మనసులో వెతుక్కుంటుండగానే అది చెప్పేసింది. నాకు తట్టిన జవాబుకంటే మంచిది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత దాని చుట్టూ జనం చేరారు. దూరం నుంచి నన్ను చూసి తల ఊపింది. నేనూ ఊపాను. దగ్గరికి వెళ్ళలేదు.

తిరిగి వచ్చేటప్పుడు 401 మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ఎలా అనిపించింది అని మా ఆయన అడిగాడు.

"బాగా చెప్పింది" అన్నాను.

"ఇంకా ఉందా నీకు, ఆ మంట?" అన్నాడు. ఆయనకు నేను అన్నీ చెప్పి చాలా కాలమైంది.

"ఉంది" అన్నాను.

ముందున్న లారీ కదిలింది, మేమూ కదిలాం.